సామానునొద్ద నిలిచినవారు

చదువవలసిన భాగము: 1 సమూయేలు 30:9–25

యుద్ధము ముగిసెనను వార్త రాగానే జనులు ముందుగా అడుగునది, "ఎవరు గెలిచిరి?" అని. గెలిచినవారి శిబిరములో వేరొక ప్రశ్న పుట్టును: "ఎవరికెంత భాగము?" అమాలేకీయులను గెలిచి తిరిగివచ్చిన దావీదు జనులలో ఈ రెండవ ప్రశ్నయే కలహమునకు కారణమాయెను. ఈ పాఠమును గ్రహించుటకు మన దేశపు సైనికుల చరిత్రలోని ఒక సంగతి మనకు సహాయపడును.

1. పాతబస్తీనుండి కీషోను వాగువరకు

హైదరాబాదు పాతబస్తీకి పోయి చార్మినారును చూచివచ్చినవారు మన సంఘములలో అనేకులున్నారు. మూసీనదికి దక్షిణముననున్న ఆ పాతబస్తీలోనే పురానీ హవేలీ యున్నది. అందులో జన్మించిన మీర్ ఉస్మాన్ అలీఖాను 1911లో నిజాము అయ్యెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనప్పుడు ఆయన హైదరాబాదు లాన్సర్లను, అనగా ఈటెలు పట్టిన గుఱ్ఱపు రౌతులను, సముద్రము దాటించి ఐగుప్తునకు పంపెను.

వారు జోధ్‌పూరు, మైసూరు రౌతులతో ఒకే బ్రిగేడుగా కూడి సూయజు కాలువను కాచిరి. 1917లో ఆ బ్రిగేడు గాజాయొద్ద నుండెను. దావీదు అలసినవారిని విడిచిన బెసోరు వాగు గాజాకు దక్షిణముననున్న వాగేయని పండితులనేకులు చెప్పుదురు. 1918 సెప్టెంబరులో వారు యెజ్రెయేలు లోయలోనికి దిగిరి. మనము బైబిలులో చదువు స్థలములను వారు గుఱ్ఱములపై దాటిరి.

సెప్టెంబరు 23వ తేదీన హైఫా పట్టణముపై దాడి జరిగెను. ఒక ప్రక్క కర్మెలు పర్వతము, మరియొక ప్రక్క సీసెరా సేనను కొట్టుకొనిపోయిన కీషోను వాగు. 1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొనుట చూచిన నగరవాసులకు వాగుయొక్క బలమును వేరుగా చెప్పనక్కరలేదు. కీషోను ఒడ్డున ఊబి యుండుటచే రౌతులు దానిని దాటలేక కొండప్రక్కకు మరలిరి. మైసూరువారు కర్మెలు నెక్కి ఫిరంగులను పట్టుకొనిరి. జోధ్‌పూరువారు పట్టణములో జొరబడిరి. వారి నాయకుడైన మేజరు దల్పత్‌సింగు ప్రాణము విడిచెను. సుమారు 1,350 మంది శత్రువులు పట్టుబడిరి.

అయితే హైదరాబాదువారెక్కడ? ఆ దాడిలో వారు లేరు. పట్టుబడిన ఖైదీలను అప్పగించుకొని కావలికాయుట వారికి నియమింపబడిన పని.

2. కావలివాని పని

ఆ పని చిన్నదా? ఆ దండయాత్రలో అక్టోబరు అంతమునకు పట్టుబడినవారు సుమారు 75,000 మంది. ఇంత జనమునకు నీరు, ఆహారము ఇచ్చి క్రమముగా నడిపింపవలెను. ఆ దినములలోనే మలేరియా, ఇన్‌ఫ్లుయెంజా జ్వరములు గెలిచినవారిలోను ఓడినవారిలోను వ్యాపించెను. అంతేకాదు, హైదరాబాదు రౌతులలో ముస్లిములు అనేకులుండిరి. ఎదుటనున్నదో, ఖలీఫాయని ముస్లిములనేకులు గౌరవించిన తుర్కీ సుల్తాను సేన. తనవలెనే ప్రార్థించు మనుష్యుని ఖైదీగా కాచుట ఎంత భారమో ఆలోచించుడి.

అక్టోబరు 30న తుర్కీవారు సంధి చేసుకొనిరి. నవంబరు 11న యుద్ధమంతయు నిలిచెను. కాని అదే సంవత్సరము ఇన్‌ఫ్లుయెంజా మన దేశములో కోటికి పైగా ప్రాణములను తీసెను. దూరదేశములో బ్రతికిన సైనికుడు ఇంటనున్నవారు బ్రతికియున్నారో లేదోయని కలత చెందవలసిన కాలమది.

మన పాఠములోకూడ ఇట్టి నిశ్శబ్దమైన పని యొకటి కలదు. అమాలేకీయుడొకడు జబ్బుపడిన తన ఐగుప్తీయ దాసుని పొలములో విడిచిపోయెను. దావీదు జనులు వానికి మొదట రొట్టెయు నీళ్లును అంజూరపు ముక్కయు ఎండిన ద్రాక్షలును ఇచ్చిరి; తరువాతనే ప్రశ్నలడిగిరి. శత్రువుల దాసునికి పెట్టిన ఆ అన్నమువలననే జయమునకు దారి దొరికెను.

3. సమభాగము

దావీదుతో బయలుదేరినవారు 600 మంది. 200 మంది అలసి బెసోరు వాగు దాటలేక సామానునొద్ద నిలిచిరి. తిరిగివచ్చినప్పుడు, యుద్ధమునకు రానివారికి సొమ్ములో పాలు లేదని కొందరు దుర్మార్గులు వాదించిరి. దావీదు ఒప్పుకొనలేదు. ఇది యెహోవా మనకిచ్చినది గనుక, పోరాడినవానికిని సామాను కాచినవానికిని ఒకే భాగమని తీర్పుచెప్పి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా చేసెను. అలసినవారిని ఆయన పిరికివారని తూలనాడలేదు. దేవుని దానమును మనము మన కష్టార్జితమని తలంచినప్పుడే పాలు తక్కువచేయు బుద్ధి పుట్టును.

ఢిల్లీలో 1922లో తీన్‌మూర్తి స్మారకము నిలుపబడెను. మూడు కంచు విగ్రహములలో ఒకటి జోధ్‌పూరుకు, ఒకటి మైసూరుకు, ఒకటి హైదరాబాదుకు గుర్తు. మూడును ఒకే స్తంభము చుట్టు నిలిచియున్నవి. హైఫాలో దూకినవానికిని, ఖైదీలను కాచినవానికిని ఒకే గౌరవము.

4. మన సంఘములలో

ప్రియులారా, మేము యుద్ధమును పొగడుటకు దీనిని వ్రాయలేదు; సమాధానపరచువారు ధన్యులని ప్రభువు చెప్పెను. కాని మన సంఘములలోను వాగు దాటలేనివారున్నారు. కూటములలో ప్రసంగించినవారి పేరు అందరికి తెలియును. వచ్చినవారికి వంటచేసిన సహోదరి పేరు ఎందరికి తెలియును? గుడి ఊడ్చి దీపము పెట్టువాడు, మంచము పట్టిన అత్తను విడువలేక ఆరాధనకు రాలేని కోడలు, కానుక వేయుటకు కూలి దొరకని పేదవాడు, వీరు సామానునొద్ద నిలిచినవారు. వీరి భాగము తగ్గించుటకు మనకధికారము లేదు.

వాగు ఇవతల నిలిచిన సహోదరుడా, సహోదరీ, అలసితినని సిగ్గుపడకుము. దావీదు ఆ రెండువందలమంది యొద్దకు తానే వచ్చి వారి కుశలమడిగెను. దావీదు కుమారుడైన మన ప్రభువు నిన్ను మరచునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అలసినవారికి భాగమీయకూడదన్నవారిని వాక్యము ఏమని పిలుచుచున్నది? ఎందుకు?
2. మన సంఘములో ఎవరి పనికి ఎన్నడును కృతజ్ఞత చెప్పలేదు?
3. మనకు విరోధియైనవాడు మన చేతికి చిక్కినప్పుడు అతనికి మొదట ఏమి ఇయ్యవలెను? (రోమా 12:20)

ప్రార్థన: ప్రభువా, నీవిచ్చినదానిని మాదని యెంచకుండ మమ్మును కాపాడుము. మాలో అలసినవారిని సమభాగస్థులుగా గౌరవించు మనస్సు దయచేయుము. ఆమేన్.