ఊరి ఆరోగ్యం కోసం ఒక ఉద్యోగం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరూ బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య బతికే కుటుంబాలవి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో గంటల తరబడి పని, పురుగుమందులు, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలు, వంశపారంపర్యం... అన్నిటి మీదా అనుమానం ఉంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ వచ్చింది.

ఇవన్నీ జరగాల్సిన పనులే. అయినా కొన్ని ప్రశ్నలు మిగిలే ఉంటాయి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ఆ రోజుల కూలి పోతుంది, తోడు వెళ్లే భార్య కూలి కూడా పోతుంది. ఆ ఇల్లు ఎలా గడవాలి? నొప్పి మాత్రలు మానమని పొలం పనివాళ్లకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్తే వింటారు? రక్తం, మూత్రం నమూనాలు ఇచ్చిన ఊళ్లకు ఫలితాలేమిటో తిరిగొచ్చి చెప్పేదెవరు? కుళాయి నీళ్లు రుచించక పాత బోరు నీళ్లే తాగే ఇల్లుంటే, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడేదెవరు?

ఈ ప్రశ్నలకు వైద్యశాఖ ఒక్కటే జవాబు చెప్పలేదు. తాగునీటి శాఖ, పంచాయతీ, డ్వాక్రా సంఘాలు, పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు ఒకచోట కూర్చోవాలి. వాళ్లను కూర్చోబెట్టి, అనుకున్నది జరిగేదాకా వెంటపడే మనిషి కావాలి. అలాంటి మనిషికి నోటిఫికేషన్లలో రకరకాల పేర్లుంటాయి: కమ్యూనిటీ మొబిలైజర్, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, పబ్లిక్ హెల్త్ మేనేజర్, కౌన్సెలర్, ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. ఈఏపీసెట్, నీట్ మాటల హోరులో మన పిల్లలకు ఈ దారి ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ. సేవాభావం ఉంటే చాలు, చదువక్కర్లేదు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది పొరపాటు. నేర్చుకుని చేయాల్సిన వృత్తి ఇది.

సగటు అంకె చెప్పనిది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. మరోపక్క మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి కొండ దించుతున్న వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. ఆరోగ్యంలో అసమానత అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒకచోట అవసరం లేకపోయినా కత్తి పడుతోంది, ఇంకోచోట అవసరమైన కత్తి అందేలోపే ప్రాణం పోతోంది. రెండూ కలిపి సగటు తీస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో గిరిశిఖర గర్భిణుల కోసం వసతి గృహం తెరిచింది. యువత శిక్షణ కోసం కట్టిన భవనాన్నే అందుకు వాడారు. రోడ్డు లేని గూడేల నుంచి నెలలు నిండుతున్న గర్భిణులను ముందే తీసుకొచ్చి, భోజనం పెట్టి, పరీక్షలు చేయించి, కాన్పు దాకా కనిపెట్టుకుని ఉండడం దాని పని. మంచాలు వేయించడం అందులో తేలికైన భాగం. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లిని, పోడు పనుల రోజుల్లో, వారాల ముందే కొండ దిగి రమ్మంటే ఎందుకొస్తుంది? అత్తగారు ఒప్పుకోవాలి. మొగుడికి నమ్మకం కుదరాలి. మిగతా పిల్లల్ని ఎవరో చూసుకోవాలి. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్‌ఎం, ఊరి పెద్దలు తలా ఒక చెయ్యి వేస్తేనే ఆ మంచం నిండుతుంది. ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు ఏ పథకం గురించి చదివినా, మంచం నిండటానికి ఎవరెవరు ఒప్పుకోవాలో కాగితం మీద రాసి చూడండి. సగం ఉద్యోగం ఆ కాగితంలోనే ఉంటుంది.

గడ్చిరోలి చెప్పిన పాఠం

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి, 1980ల నడుమ అక్కడికి వచ్చి ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. వచ్చిన కొత్తలో గిరిజనుల్లో సికిల్‌సెల్ జబ్బు మీద పరిశోధన చేశారు. శాస్త్రం ప్రకారం మంచి పరిశోధనే. కానీ జనం దాన్ని తమ అవసరంగా చూడలేదని అభయ్ బంగే చెప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్లు పని దిశ మార్చారు. ఏం కావాలో ఊళ్లనే అడగడం మొదలుపెట్టారు. పెద్ద ఆసుపత్రి భవనమంటే బెదిరే గోండులకు తమ గుడిసెల్లాంటి కట్టడాలతో ఆసుపత్రి కట్టి, వాళ్లు కొలిచే దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. సారా మీద ఆడవాళ్ల గోడు విన్నారు. ఆ గోడు ఉద్యమంగా మారింది, దాని ఫలితంగానే 1993లో జిల్లాలో మద్య నిషేధం వచ్చింది.

పసిపిల్లల మరణాల పని ఆ నమ్మకం మీదే నిలబడింది. 39 ఊళ్లలో ఐదు నుంచి పది తరగతులు చదివిన మహిళలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు పుట్టిన బిడ్డ ఇంటికెళ్లి బరువు తూచారు, ఒంటి వేడి చూశారు, ఊపిరి లెక్కపెట్టారు. సెప్సిస్ లక్షణాలు కనిపిస్తే యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు పసిబిడ్డ ఇంటికి ఆరు వారాల్లో ఆరేడుసార్లు వెళ్లి చూసే కార్యక్రమానికి మూలం అదే.

ఉద్యోగం వెతుక్కునే వాళ్లకు ఈ కథలో రెండు సంగతులున్నాయి. ఊరితో నిజంగా భాగస్వామ్యం ఉంటే, పని మొదలుపెట్టకముందే ఊరి అభిప్రాయం వల్ల ప్రణాళిక మారుతుంది. అలా మారకపోతే మీటింగులు ఎన్ని పెట్టినా అది సంతకాల సేకరణే. రెండోది, లెక్క. బంగ్ దంపతులు ప్రతి జననం, ప్రతి మరణం రాసిపెట్టారు. పక్క ఊళ్లతో పోల్చి చూశారు. ఆ లెక్క లేకపోతే గడ్చిరోలి ఒక మంచి కథగా మిగిలేది, దేశ విధానంగా మారేది కాదు. మంచి మనసుతో వచ్చేవాళ్లు చాలామంది లెక్క దగ్గరే తడబడతారు.

ఏ చదువు నుంచి ఏ దారి

ఇంటర్‌తో ఆగాల్సి వచ్చినవాళ్లకూ ఇందులో చోటుంది. మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చేస్తే ఏఎన్‌ఎం కావచ్చు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున గ్రామాల్లో విజన్ సెంటర్లు నడుపుతోంది. వాటిలో పనిచేసే విజన్ టెక్నీషియన్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కల యువతే. వాళ్లకు సంస్థే ఏడాది శిక్షణ ఇస్తుంది. సొంత మండలంలో ఉంటూ గౌరవంగా చేసుకోగల పని అది. దాని గురించి మన కాలేజీల్లో ఎవరూ చెప్పకపోవడం బాధ కలిగిస్తుంది.

బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా చేరుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ వీళ్లను ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. మైదానంలో 5 వేల మందికి, కొండ ప్రాంతంలో 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అంటే ప్రతి ఇల్లూ ముఖపరిచయం కాగల పరిధి. ఊళ్లో ఎవరికి బీపీ మాత్రలు ఆగిపోయాయో ముందు తెలిసేది వీళ్లకే. ఇది చిన్న ఉద్యోగం అని నేను అనుకోను.

డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లొచ్చు. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ సెంటర్, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు మంచి పేరుంది. జనంతో మాట్లాడటం ఇష్టమైతే ఎంఎస్‌డబ్ల్యూ ఇంకా దగ్గరి దారి. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లోనూ, గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీలోనూ ఉంది. పోషకాహారం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎంబీబీఎస్ చదివినవాళ్లు కమ్యూనిటీ మెడిసిన్‌ను మిగిలిపోయిన సీటుగా చూడటం మానాలని గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, కామర్స్ వాళ్లు తమకిక్కడ పనిలేదనుకుంటారు. ఆరోగ్య ప్రాజెక్టుల్లో డేటా మేనేజర్లు, మందుల సరఫరా చూసేవాళ్లు, నిధుల లెక్క చెప్పేవాళ్లు ఎప్పుడూ అవసరమే. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలంటోంది. ఆ పనుల జాబితాలో ఆరోగ్యం కూడా ఉంది. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లింది, ఏం మారింది అని లెక్కగట్టి చెప్పగలవాళ్లకు ఈ చట్టం వల్ల కూడా ఉద్యోగాలు వస్తున్నాయి.

ఒక్క విషయంలో తొందర వద్దు. డిగ్రీ అవగానే అప్పు చేసి మాస్టర్స్‌లో చేరేకన్నా ముందు ఒక ఏడాది ఊళ్లో పనిచేయండి. స్టేట్ బ్యాంక్ నడిపే యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలది, ఆరోగ్యం కూడా అందులో ఒక అంశం. బంగ్ దంపతులే 2006లో మొదలుపెట్టిన ‘నిర్మాణ్’ శిబిరాలు యువతకు దారి చూపించడం కోసమే. ఏడాది తిరిగాక ఈ పని మీకు నప్పదని తేలినా నష్టం లేదు. నప్పితే క్లాసులో చెప్పే ప్రతి సిద్ధాంతానికీ మీ దగ్గర ఒక ఇంటి ఉదాహరణ ఉంటుంది.

సర్టిఫికెట్‌లో రాని అర్హత

సవర, కోయ, గోండి, కొలామి, కువి, ఒడియా, లంబాడీ, ఉర్దూ. వీటిలో ఏదైనా ఇంట్లో మాట్లాడే భాషైతే రెజ్యూమెలో మొదటి పేజీలో రాయండి. సీతంపేటలో సవరలో, ఉట్నూరులో గోండిలో, ఇచ్ఛాపురంలో ఒడియాలో మాట్లాడగల కౌన్సెలర్ చెప్పే మాటకు ఉండే బలం దుబాసీతో వెళ్లిన నిపుణుడి మాటకు రాదు. మన గిరిజన, మైనారిటీ పిల్లలు ఇంటర్వ్యూల్లో తమ భాష సంగతి దాచుకుంటారు. ఇక్కడ దాచుకోవాల్సిన పనిలేదు. అది మీ బలం.

ఇక రాయడం. గ్రామసభలో ఎవరు ఏమన్నారో, ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో కూడా చూసి ఒక పేజీలో రాయగలగాలి. ఆశా కార్యకర్త రిజిస్టరు చదివి, ఏ వాడలో టీకాలు తప్పిపోతున్నాయో పట్టుకోగలగాలి. ఎక్సెల్ బాగా రావాలి. మీటింగులో సర్పంచ్‌కి, డాక్టర్‌కి మాట పట్టింపు వస్తే ఎవరి గౌరవమూ పోకుండా సర్దిచెప్పగలగాలి.

కష్టాలు కూడా చెప్పాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కొలువుల్లో చాలావరకు కాంట్రాక్టువి. ఏటా పొడిగింపు కోసం ఎదురుచూడాలి. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగియొచ్చు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి జీతం పక్కన చిన్నగా కనిపిస్తుంది. ఈ వ్యవస్థకు పునాది అయిన ఆశా కార్యకర్తలు 2005 నుంచి కార్యకర్తలుగానే ఉన్నారు, ఉద్యోగులుగా గుర్తింపు కోసం రోడ్డెక్కుతూనే ఉన్నారు. మీరు కోఆర్డినేటర్ కుర్చీలో కూర్చున్నాక మీ నివేదికలోని ప్రతి అంకె వాళ్ల కాళ్ల కష్టమేనని గుర్తుంచుకోండి. వాళ్లకు రావాల్సిన డబ్బు ఆగితే అడిగేవాళ్లలో మీరు ముందుండాలి.

అందుకే ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలు అడగండి. నిధులు ఎన్నేళ్లకు ఉన్నాయి? ఫీల్డ్‌కు వెళ్లడానికి బండి ఇస్తారా, పెట్రోలు ఖర్చు ఇస్తారా? రాత్రి ఊళ్లో ఆగాల్సి వస్తే ఆడపిల్లలకు బస ఏర్పాటేమిటి? ప్రాజెక్టు కమిటీలో ఊరివాళ్లు ఎంతమంది, వాళ్ల మాట మీద ఇప్పటిదాకా ఏ నిర్ణయమైనా మారిందా? చివరి ప్రశ్నకు వెంటనే ఒక ఉదాహరణ చెప్పగలిగిన సంస్థలో జీతం కాస్త తక్కువైనా చేరొచ్చు.

చదువుకుంటున్నవాళ్లకు ఈ నెలలోనే చేయదగ్గ పని ఒకటుంది. మీ ఊరికి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. ఏడాదికి 10 వేల రూపాయల దాకా నిధి వచ్చే ఏర్పాటు కూడా దానికి ఉంది. కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో, ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టారో ఏఎన్‌ఎంనూ సర్పంచ్‌నూ వెళ్లి అడగండి. కమిటీ సరిగ్గా నడుస్తుంటే వచ్చే సమావేశంలో ఒక మూల కూర్చుని వినండి. నడవకపోతే ఎందుకు నడవడం లేదో నలుగురిని అడిగి రెండు పేజీలు రాయండి. మొదటి ఇంటర్వ్యూకి ఆ రెండు పేజీలు పట్టుకెళ్లండి.