రాత్రివేళ బహిష్టు రక్షణ: నిద్ర గంటలను బట్టి ఎంపిక

తిరువళ్లూరు, తిరుత్తణి నుంచి తెల్లవారకముందే రైలెక్కే స్త్రీలలో పొదుపు కోసం సాయంత్రపు ప్యాడునే ఉదయం వరకు ఉంచుకొనేవారు ఉండవచ్చు. ఈ అలవాటు మంచిది కాదు.

ప్యాడు: పగలు నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి. రాత్రికి వెనుకభాగం వెడల్పుగా ఉన్న పొడవాటి ప్యాడును పడుకోబోయే ముందు పెట్టుకొని, లేవగానే మార్చాలి. తడి నిలిస్తే చర్మం ఒరిసి దురద, పుండ్లు కలుగుతాయి. సువాసన గలవి కొందరికి సరిపడవు.

గుడ్డ: మెత్తని నూలుగుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. సిగ్గుపడి చీర మాటున ఆరవేసిన గుడ్డ పూర్తిగా ఆరదు; ఆ చెమ్మలో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

టాంపన్: ఎనిమిది గంటలు మించరాదు. మించితే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన వ్యాధి సోకే ప్రమాదం పెరుగుతుంది. అంతకన్నా ఎక్కువసేపు నిద్రించేవారికి ప్యాడే మేలు. హఠాత్తుగా తీవ్ర జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, ఒంటిపై ఎర్రని దద్దుర్లు కనిపిస్తే టాంపన్‌ను వెంటనే తీసివేసి ఆసుపత్రికి వెళ్లాలి.

కప్పు: వైద్య సిలికోన్ కప్పును 12 గంటల వరకు ఉంచవచ్చు. ప్రతి నెలా వాడకానికి ముందు నీటిలో మరిగించాలి.

ఖర్చుకు వెనుకాడేవారికి 2019 నుంచి జన్ ఔషధి కేంద్రాలలో సువిధ ప్యాడు ఒక్కొక్కటి రూపాయికే లభిస్తున్నది. వాడిన ప్యాడును మరుగుదొడ్డిలో వేయక, కాగితంలో చుట్టి, పారిశుద్ధ్య కార్మికులకు విడిగా అందించాలి.