తెగిన మోకాలి దగ్గర నేర్చుకున్నవి

1. "నిన్న బంతి వెనక పరిగెత్తిందండీ, అంతే, కాలెత్తేసింది" అంటారు కుక్కను తెచ్చినవాళ్లు. పాపం బంతి! ఒక్క దెబ్బకు తెగడం ఆటగాళ్లలో మామూలు, కుక్కల్లో అరుదు. మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంట్ నెలల తరబడి చేదతాడులా పోగు పోగుగా అరుగుతుంది. ఆ పరుగు చివరి పోగును తెంపుతుంది.

2. ఎలా కూర్చుంటుందో చూడండి. వెనక కాలు మడవకుండా పక్కకు చాపే ల్యాబ్రడార్‌ను వెంటనే చూపించాలి. ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు. కీలులో చేరిన నీరు, అరుగుదల కనబడతాయి. తెగిందని తేల్చేది డాక్టరు చెయ్యే. తొడ ఎముకను కదలకుండా పట్టి కింది ఎముకను నెడితే అది ముందుకు జారుతుంది. కండలు బిగబట్టే కుక్కకు మత్తిచ్చి చూడాలి. పొమేరియన్ అయితే మోకాలి చిప్ప తప్పుకుంటోందేమో కూడా చూస్తాను.

3. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

4. 15 కిలోల లోపు కుక్కలు చాలావరకు విశ్రాంతితో, బరువు తగ్గించడంతో కోలుకుంటాయి. పెద్దవాటికి ఆపరేషనే మేలు. కుక్క మోకాలి కింది ఎముక పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. లిగమెంట్ లేకపోతే అడుగు మోపినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారుతుంది. తెగినదాన్ని అతికించి లాభం లేదు, వాలునే సరిచేయాలి. అమెరికా సర్జన్ బార్‌క్లే స్లోకమ్ 1993లో ప్రచురించిన టీపీఎల్ఓ పద్ధతి అదే: ఎముకను గుండ్రంగా కోసి, తిప్పి, వాలును సుమారు 5 డిగ్రీలకు తెచ్చి ప్లేటు బిగిస్తారు. ఇది చేయి తిరిగినవాళ్ల పని. ఊరు దాటి వెళ్లాల్సి వచ్చినా వెళ్లండి.

5. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోదీ పోతుంది. బాగున్న కాలినీ చూడమని అడగండి.

6. బరువు తగ్గించమంటే "మేమేం పెట్టట్లేదు డాక్టరు గారూ" అని ఇంటిల్లిపాదీ అంటారు. తాతగారి చేతి బిస్కెట్లు, పిల్లలు వదిలేసిన పెరుగన్నం లెక్కలోకి రావు! పక్కటెముకలు చేతికి తగలాలి. తగలకపోతే గిన్నె తగ్గించండి.

7. కష్టమంతా ఆపరేషన్ అయ్యాకే. మూడో వారానికి కుక్క హుషారవుతుంది, యజమాని మెత్తబడతాడు. ఎముక అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మెట్లు, సోఫాలు, దూకుళ్లు వద్దు. నున్నటి టైల్స్ మీద గోనెసంచులు పరవండి. ఒంటికీ రెంటికీ గొలుసుతోనే తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీసి ఎముక అతికిందని డాక్టరు చెప్పేదాకా గొలుసు విప్పొద్దు.