అడుసు తొక్కక తప్పని కొలువుకు ఏ జోడు?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దమనిషికి రొయ్యల గుంటలు ఉండి ఉండవు. విడవలూరు నుంచి ముత్తుకూరు దాకా మన తీరంలో ఎన్నో ఇళ్ళకు అడుసు తొక్కడమే కూడు పెడుతుంది. పట్టుబడి అయ్యాక గుంటలో నీళ్ళు తీసేస్తారు. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు దాన్ని గుండ్రంగా తిప్పడంతో తినగా మిగిలిన మేత, పెంటిక, రొయ్యలు విడిచిన పొట్టు అంతా నడిమధ్యకు చేరి నల్లగా పేరుకుని ఉంటుంది. అది ఎత్తిపోస్తే గానీ తర్వాతి పంటకు గుంట పనికిరాదు.

నేను ఈ పనిలో చేరిన మొదటి ఏడు అలాంటి నల్లబురదలోకి గమ్‌బూట్లతో దిగాను. నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. అయిదో అడుగు తీయబోతే కాలు వచ్చింది, బూటు రాలేదు. బోర్లా పడి మోచేతుల దాకా కూరుకుపోయాను. గట్టు మీదున్న పెద్దాయన, "బూటు పోతే పోనియ్ అబ్బయా, ముందు కాలు తియ్" అని అరిచాడు. తర్వాత ఆ బూటు తవ్వి తీయడానికి ఇద్దరం ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాం. అది నా కాలి కంటే ఒక నంబరు పెద్దది. తప్పు బురదది ఎంతో, నా కొనుగోలుది అంతే.

చాలా ఏళ్ళకు మంచుజోళ్ళ గురించి చదివినప్పుడు ఆ బూటే గుర్తొచ్చింది. మెత్తటి మంచులో నడవడానికి బూటు కింద కట్టుకునే వెడల్పాటి తట్టల్లాంటివి అవి. నెల్లూరు ఎండల్లో మంచుజోడు గోలేమిటని నవ్వకండి. దిగబడే నేల మీద మనిషిని నిలబెట్టడమే దాని పని. మనకు కావలసిందీ అదే కదా.

ముందు చిన్న లెక్క. అరవై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఆ బరువంతా సుమారు 150 చదరపు సెంటీమీటర్ల పాదం మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 400 గ్రాములు. అదే కాలి కింద 22 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు ఉన్న చెక్క ఉంటే బరువు 1100 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుని 55 గ్రాములకు దిగుతుంది. ఏడో వంతు! మోకాలి దాకా దిగే కాలు చీలమండ దగ్గరే ఆగుతుంది.

ఈ లెక్క ఉత్తర అమెరికా ఆదివాసులకు ఎప్పటి నుంచో తెలుసు. యాష్ చెక్కను వంచి, పచ్చితోలు పట్టీలతో వల అల్లి కాళ్ళకు కట్టుకునేవారు. ఆ తోలు తడిస్తే సాగుతుంది, ఎండితే బిగుస్తుంది, ఎలుక కొరికితే పోతుంది. 1970ల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రేటర్ సోదరులు దాన్ని తిరగరాశారు. చెక్కకు బదులు అల్యూమినియం గొట్టం, తోలు వలకు బదులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు గుడ్డ, జారకుండా పాదం కింద లోహపు గోళ్ళు. 1990ల్లో ఎంఎస్‌ఆర్ అనే కంపెనీ డెనాలి పేరుతో మొత్తం తట్టనే ప్లాస్టిక్‌తో అచ్చు పోసింది. మంచు లోతుగా ఉన్న రోజున వెనక తోక అదనంగా తగిలించుకోవచ్చు, గట్టి మంచున్న రోజున తీసి సంచిలో వేసుకోవచ్చు. రోజూ ఒకే కొలత మోయనక్కర్లేదన్నది నాకు చాలా నచ్చిన ఆలోచన.

వీటన్నిటి కన్నా మనకు పనికొచ్చేది మరొకటుంది. మంచుజోడులో కాలి ముందుభాగాన్నే కడతారు, మడమను వదిలేస్తారు. అడుగు ఎత్తగానే మడమ లేస్తుంది, తర్వాత తట్ట ముందంచు పైకి లేస్తుంది, తోక నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. తట్ట మొత్తం ఒక్కసారిగా లేవదు.

మంచులో ఇది హాయి కోసం. బురదలో ఇది ప్రాణావసరం. మంచు కాలిని పట్టుకోదు, బురద పట్టుకుంటుంది. పాదం పైకి లాగినప్పుడు దాని కింద గాలి చొరబడే సందు ఉండదు, పైనుంచి వాతావరణం అదిమిపెడుతుంది. ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. కింద పూర్తి శూన్యం ఏర్పడే పక్షంలో పాదం మీద 150 కిలోల పట్టు, మన 1100 చదరపు సెంటీమీటర్ల చెక్క మీద 1100 కిలోల పట్టు. నిజంగా అంత రాదు గానీ సంగతి అర్థమైంది కదా. దిగబడకుండా చెక్క ఎంత పెద్దది చేస్తే, తీయడం అంత కష్టమవుతుంది. పలక కాళ్ళకు గట్టిగా బిగించి కట్టుకుని బురదలోకి దిగినవాడు నిలబడతాడు, కదల్లేడు.

దీనికి జవాబు పులికాట్ సరస్సులో ఉంది. 2022 జిల్లాల విభజనలో దాని పక్కనున్న సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు పోయింది గానీ, ఆ సరస్సును నెల్లూరు తీరం నుంచి విడదీసి చూడటం మాకు చేతకాదు. చలికాలంలో అక్కడ ఫ్లెమింగోలు బురదలో నడవడం కాసేపు చూడండి. వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. అడుగు వేసినప్పుడు గొడుగులా విచ్చుకుంటుంది, ఎత్తేటప్పుడు వేళ్ళతో పాటు ముడుచుకుంటుంది. దిగేటప్పుడు వెడల్పు, లేచేటప్పుడు సన్నం. విదేశాల్లో బురదబూట్లు చేసేవాళ్ళు బూటు పక్కల మడత రెక్కలు పెట్టి ఇదే పని చేయిస్తున్నారు.

మరీ కొత్త సంగతేం కాదు లెండి. జపాన్‌లో షిజువొకా దగ్గర తోరో అనే చోట 1943లో సుమారు రెండువేల ఏళ్ళ నాటి వరిమళ్ళు బయటపడ్డాయి. వాటితో పాటు మడిలో దిగడానికి కాళ్ళకు కట్టుకున్న చెక్కపలకలూ దొరికాయి. తగేతా అంటారు వాటిని. ఆ దేశంలోనే అరియాకే సముద్రపు బురదమేటల మీద జాలర్లు పొడవాటి పలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తన్నుకుంటూ జారిపోతారు. బురద ఎత్తేవాళ్ళు ఈ రెండోది గుర్తుపెట్టుకోవాలి. ముప్పై కిలోల బురద తట్ట నెత్తిన పెట్టుకుంటే ఆ బరువూ మీ పాదం మీదే పడుతుంది. అదే తట్టను పలక మీద పెట్టి తాడుతో గట్టుకు లాగిస్తే మీ కాలికి మీ బరువే.

ఇక చేసుకునే పద్ధతి. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. మామూలు ప్లై ఉప్పునీటిలో పొరలు పొరలుగా విడిపోతుంది. పైన చెప్పిన 22, 50 కొలతలకు కోయించండి. ఇంకా వెడల్పు చేస్తే బాతులా కాళ్ళు ఎడం చేసి నడవాలి, సాయంత్రానికి తుంటి పట్టేస్తుంది. బరువైన మనిషైతే పొడవు పెంచండి, వెడల్పు వద్దు. మూలలు గుండ్రం చేసి వెనక భాగం కాస్త సన్నగా కోయిస్తే ఒక చెక్క మీద ఇంకో చెక్క పడదు. ఒక్కొక్కటి కిలోకు కాస్త తక్కువే తూగుతుంది. మేకులు వద్దు, ఆ ఉప్పుకు నెలలో తుప్పు పడతాయి. బోల్టులు కావాలంటే స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి, లేదా బెజ్జాలు పెట్టి నైలాను తాడుతో కట్టండి.

కాలి వేళ్ళు దూరే చోట పాత మోటార్‌సైకిల్ ట్యూబు ముక్కను అడ్డంగా బిగించండి. మడమకు పట్టీ వద్దు, ముడి అసలే వద్దు. ఊబిలో చిక్కినప్పుడు కాలు వెనక్కి లాగితే చెక్కను వదిలి వచ్చేయాలి. చెక్క ముందంచుకు ఒక తాడు కట్టి నడుము ఎత్తు దాకా వదిలి చేత్తో పట్టుకోండి. మడమ లేపుతూనే తాడు లాగితే ముందంచు లేస్తుంది, సందులోంచి గాలి దూరుతుంది, చెక్క అరటితొక్కలా ఊడి వస్తుంది. ఈ తాడు కట్టకపోతే మిగతా పనంతా దండగ. మొదటిసారి గట్టు పక్కన, మోకాలి లోతు మించని చోట నడిచి చూడండి. చేతిలో వెదురుగడ, గట్టు మీద ఇంకో మనిషి లేకుండా నడిమధ్యకు పోవద్దు.

ఉత్త బూటే ఇరుక్కుంటే? పైకి లాగకండి. రెండో కాలి మీద నిలబడి లాగితే అదీ దిగుతుంది. వెనక్కి వాలి కూర్చోండి, బరువు పరుచుకుంటుంది. మడమను అటూఇటూ తిప్పుతూ బూటు పక్కన నీళ్ళు పోయించుకోండి. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంటే ముఖం కిందికి వంచకండి. అది హైడ్రోజన్ సల్ఫైడ్. మూసి ఉన్న సంపులో, తూములో అయితే ఆ వాయువు మనిషిని పడగొడుతుంది, అక్కడికి దిగనే వద్దు.

ఈ చెక్కలు అన్నిచోట్లా పనికిరావు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటలో వద్దు, చెక్క అంచు షీటును చీలుస్తుంది, నష్టం మీ కూలీలోంచి పోతుంది. నీళ్ళున్న గుంటలో చెక్క తేలి కాలిని తిప్పేస్తుంది. ఇస్కపల్లి ఉప్పుమడుల్లో అసలు అవసరమే లేదు. అక్కడి నేలను తొక్కి తొక్కి గట్టి చేసి ఉంటారు, కాలు దిగదు. అక్కడి శత్రువు ఉప్పునీరు, ఉప్పురవ్వలు. పొట్టి బూటు, దాని లోపల రవ్వ చేరకుండా పైఅంచుకు పట్టీ, పనికి ముందు పాదాలకు కొబ్బరినూనె, పని కాగానే మంచినీళ్ళతో కాళ్ళూ బూట్లూ కడగడం. వేళ్ళ సందుల్లో ఒరిసిన పుండుతో మళ్ళీ ఉప్పులో దిగితే అది మానదు.

బూటు కొనేటప్పుడు సాయంత్రం పూట కొనండి, రోజంతా నిలబడ్డ కాలు అప్పుడు ఉబ్బి ఉంటుంది. తొడిగి మునివేళ్ళ మీద లేవండి. మడమ లోపల జారితే ఆ నంబరు వదిలేయండి. గమ్‌బూట్ల మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 12254 నంబరు చూడండి. కృష్ణపట్నం పోర్టులో, ఫ్యాక్టరీల్లో పని అయితే వేళ్ళ మీద ఇనుప తొడుగు ఉండే ఐఎస్ 15298 రకం కావాలి. అలాంటి చోట్ల రక్షణ సామాను యజమానే ఇవ్వాలి, కూలీలోంచి కోయకూడదు. అడగడానికి మొహమాటపడొద్దు.

గుంటల యజమానులకూ ఒక మాట. రెండు జతల చెక్కల ఖర్చు ఒక మేత బస్తా ఖర్చు కంటే ఎక్కువ కాదు. ఈ పట్టుబడికి నీళ్ళు వదిలేలోగా చేయించి గట్టు మీద పెట్టండి, తాడు కట్టడం మాత్రం మర్చిపోకండి.