సబ్సిడీ చివర్న వస్తుంది

బుజ్జీ,

జంతికలు, చేగోడీలు, సున్నుండలు ఇంట్లో చేసి అమ్ముతున్నావు, ఇక ఓ చిన్న యూనిట్ పెడదామనుకుంటున్నావు. చాలా సంతోషం. "గవర్నమెంటు గ్రాంటు ఏదన్నా వస్తుందా పెద్దమ్మా" అని అడిగావు. ఫోనులో తెమిలే సంగతి కాదది, అందుకే రాస్తున్నాను. బ్యాంకులో అప్పుల సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని, నాకు తెలిసినంతా చెబుతాను.

ముందు ఒకటి గట్టిగా మనసులో పెట్టుకో. నీలాంటి వాళ్లకి ప్రభుత్వం సొమ్ము ముందుగా చేతికి రాదు. అప్పు ముందు, సబ్సిడీ తరవాత. పీఎంఈజీపీ అని 2008 నుంచి నడుస్తున్న పథకం ఉంది. ఖాదీ కమిషన్ చూస్తుంది, దరఖాస్తు జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా కూడా పెట్టుకోవచ్చు. అందులో బ్యాంకు అప్పు విడుదల చేశాక సబ్సిడీ సొమ్ము వస్తుంది. అదైనా నీ చేతికి ఇవ్వరు. నీ పేరున మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచుతారు. దానికి వడ్డీ రాదు, అప్పులో అంత మేరకి వడ్డీ వెయ్యరు. మూడేళ్ల తరవాత యూనిట్ నడుస్తోందని అధికారులు వచ్చి చూసుకున్నాకే అప్పులో సర్దుతారు. మధ్యలో మూతపడితే ఆ సొమ్ము వెనక్కి పోతుంది. కాబట్టి సబ్సిడీ అసలు లేదనుకుని లెక్క వెయ్యి. అప్పుడు కూడా వాయిదా కట్టగలిగితే ముందుకెళ్లు.

నీ లెక్కే వేసి చూద్దాం. మొత్తం 6 లక్షలు, అందులో పిండిమర, జంతికల యంత్రం, ప్యాకింగ్ యంత్రం కలిపి 4 లక్షలు, సరుకు పెట్టుబడికి 2 లక్షలు అనుకో. ఆడపిల్లవి కాబట్టి పీఎంఈజీపీలో నువ్వు ప్రత్యేక వర్గం కిందికొస్తావు. చేతి నుంచి 5 శాతం, అంటే 30 వేలు పెట్టుకుంటే చాలు. సబ్సిడీ గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. మీ మల్కాపురం విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఉంది కాబట్టి నీకు 25 శాతమే, లక్షా 50 వేలు. నీ 30 వేలు పోగా మిగతా 5 లక్షల 70 వేలూ బ్యాంకు అప్పు. సబ్సిడీ లేదనుకుని, వడ్డీ 11 శాతం, గడువు అయిదేళ్లు అనుకుంటే నెలకి 12,400 దాకా వాయిదా పడుతుంది. జంతికలు అమ్మి, అద్దె, కరెంటు, నూనె, పనివాళ్ల కూలి పోగా అంత మిగులుతుందా? ఇదొక్కటే నువ్వు నిద్ర మానుకుని ఆలోచించాల్సిన ప్రశ్న.

పది శాతం ఎక్కువొస్తుందని పరవాడ వైపు పంచాయతీలోకి పోదామని ఎవరైనా అనొచ్చు. వద్దు తల్లీ. నీ గిరాకీ ఇక్కడుంది. డాక్‌యార్డు, షిప్‌యార్డు, రిఫైనరీ షిఫ్టులకి వెళ్లేవాళ్లు డబ్బాలో వేసుకునే చిరుతిండే నీ వ్యాపారం. రోజూ సరుకు మోసుకొచ్చే ఆటో ఖర్చు ఆ పది శాతాన్నీ మింగేస్తుంది.

ఆహార పదార్థాలకే వేరే పథకం ఉంది, పీఎంఎఫ్ఎంఈ, 2020లో మొదలైంది. ఊరైనా పట్నమైనా 35 శాతం, గరిష్ఠం 10 లక్షలు. వినగానే ఇదే మేలనిపిస్తుంది. కానీ అందులో సబ్సిడీ యంత్రాల వంటి పెట్టుబడి మీదే లెక్కగడతారు, సరుకు సొమ్ము మీద కాదు. నీ 4 లక్షల మీద 35 శాతం అంటే లక్షా 40 వేలు. పైగా చేతి నుంచి 10 శాతం పెట్టాలి. శాతం చూసి కాదు, రూపాయల్లో చూసి ఎంచుకోవాలి. పీఎంఎఫ్ఎంఈకి ఓ మంచి గుణముంది, జిల్లాలో సహాయకులని పెట్టారు. ప్రాజెక్టు రిపోర్టు రాయడం దగ్గర్నుంచి బ్యాంకు దాకా తోడుంటారు, వాళ్ల ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. గడువు 2025-26 దాకా పొడిగించారు, నువ్వెళ్లే నాటికి దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కో. మీ అమ్మ పొదుపు సంఘంలో ఉంది కదా, ఆహార తయారీ చేసే సభ్యులకి అదే పథకంలో సంఘం ద్వారా మనిషికి 40 వేల వరకు మూలధనం ఇస్తారు. పట్టణ పొదుపు సంఘాలని చూసే మెప్మా వాళ్లని అడగమను. నన్నడిగితే అదే మొదటి మెట్టు. చిన్న మొత్తం, తెలిసిన మనుషులు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. పీఎంఈజీపీలో మొదటి అప్పు కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్నదానికీ, వేరే సబ్సిడీ తీసుకున్నదానికీ ఇవ్వరు. అందుకే, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం కదా అని ఈ రాత్రే ఫోనులో చేసేసుకోకు, ఇప్పటికే నడుస్తున్న యూనిట్ అనుకునే వీలుంది. ఏ దారిన వెళ్లాలో తేల్చుకున్నాక చెయ్యి. ముద్ర గురించీ అడిగావు. అది అప్పే, సబ్సిడీ కాదు. ఆ పేరు చెప్పి సగం మాఫీ అనేవాణ్ని నమ్మకు.

నమ్మకూడని వాళ్ల గురించి ఇంకా రాయాలి. నాలుగు సింహాల ముద్ర వేసిన మంజూరు పత్రం వాట్సాప్‌లో పంపి, ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటారు. ఈ దరఖాస్తులకి ఎక్కడా ఫీజు లేదు. ఇంకొందరు యంత్రం 4 లక్షలైతే 6 లక్షలకి కొటేషన్ ఇస్తాం, తేడా నీ చేతికిస్తాం అంటారు. ఆ తేడాకి కూడా వడ్డీ కట్టేది నువ్వే, తనిఖీకి వచ్చినప్పుడు తల దించుకునేదీ నువ్వే. మూడు దుకాణాలు తిరిగి కొటేషన్లు నువ్వే తెచ్చుకో.

రిపోర్టు ఎవరో ఇచ్చినది మక్కీకి మక్కీ దింపకు. బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చోబెట్టి, కిలో జంతికలకి నూనె ఎంత పడుతుంది, శనగపిండి ధర పెరిగితే ఏం చేస్తావు, నెలకి ఎన్ని కిలోలు పోతాయి అని అడుగుతాడు. తడుముకోకుండా నువ్వే చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. అందుకని ఈ నెల రోజులూ ఒక నోటుబుక్కు పెట్టు. రోజూ ఎంత చేశావు, ఎవరు కొన్నారు, ఎంత అరువు పోయింది, అన్నీ రాయి. అమ్మిన డబ్బులు బ్యాంకు ఖాతాలో పడేలా చూడు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకో, చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలే. ఇంటి ఓనరుతో అగ్రిమెంటు రాయించుకో, కరెంటు కనెక్షన్ ఇంటిదే ఉంటే మార్పించడానికి ఒప్పుకుంటాడో ముందే అడుగు. మీ నాన్న నీ పేరున తీసుకున్న బంగారం అప్పు వాయిదాలు ఏమన్నా ఆగి ఉంటే కట్టేసెయ్యండి, సిబిల్ స్కోరు చూడకుండా ఏ బ్యాంకూ ముందుకి కదలదు.

1959లో ముంబయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలెట్టారు. లిజ్జత్ అదే. వాళ్లు అడిగింది దానం కాదు, తిరిగి కట్టే అప్పు. నీకూ ఆ ధైర్యం ఉందని నాకు తెలుసు.

నెలాఖరుకి ఆ నోటుబుక్కు, కొటేషన్లు ఫొటోలు తీసి పంపు. చూసి, రిపోర్టు చిత్తుప్రతి ఇద్దరం కూర్చుని రాద్దాం. బ్యాంకుకి నువ్వొక్కదానివే వెళ్లు, నేను రాను. నీ లెక్క నువ్వు చెప్పుకుంటేనే వాళ్లకి నమ్మకం కలుగుతుంది. అమ్మకి నా మాటగా మెప్మా సంగతి చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ