సోలార్ కంటే ముందు ఆడిట్

ప్రశ్న: మాది చిన్న ఫౌండ్రీ. కరెంటు బిల్లు భరించలేక సోలార్ పెట్టిద్దామనుకుంటున్నాం. సబ్సిడీ వస్తుందా?

జవాబు: పీఎం సూర్యఘర్ కింద రూ.78 వేల వరకు ఇచ్చే సబ్సిడీ ఇళ్లకే, ఫ్యాక్టరీలకు రాదు. మీరు చూడాల్సింది పరిశ్రమల్లో ఇంధనం ఆదా కోసం 2025 జులైలో కేంద్రం ప్రారంభించిన ఏడీఈఈటీఐఈ (ADEETIE) పథకం. ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) దీన్ని అమలు చేస్తోంది. ఇందులోని 14 రంగాల్లో ఫౌండ్రీలూ ఉన్నాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, కొత్త యంత్రాలతో కనీసం 10 శాతం ఇంధనం ఆదా చూపిస్తే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రుణంపై 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం వడ్డీ రాయితీ దక్కుతుంది. ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో తేల్చే ఎనర్జీ ఆడిట్‌కూ తోడ్పాటు ఉంటుంది.

నగదు చేతికి రానప్పుడు అదేం సాయం అనిపించవచ్చు. కానీ రూ.40 లక్షల అప్పుపై 5 శాతమంటే మొదటి ఏడాదే సుమారు రూ.2 లక్షలు. పైగా నగదు సబ్సిడీ యంత్రం కొనడంతోనే ఆగిపోవచ్చు. ఇక్కడ ఆదా రుజువు చేయాలి, కాలుష్యం తగ్గేది ఆ ఆదా వల్లే. మీ దగ్గర వృథా ఉందో లేదో చూడాలంటే ఈ రాత్రి మిగతా మెషీన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే ఆన్‌లో ఉంచి షెడ్డులో నిలబడండి. పైపు జాయింట్ల దగ్గర ‘స్స్’మని గాలి పోతుంటే, సోలార్ కరెంటైనా చిల్లు కుండలో పోసిన నీళ్లే. కొటేషన్లు తర్వాత, ముందు ఆడిట్ చేయించండి.