తొట్టి కిందికి దూరే ముందు



విజయవాడ ఆటోనగర్‌లో టిప్పర్లు బాగుచేసే షెడ్డులో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మరమ్మతు మీ మేస్త్రీ నేర్పుతాడు. నేను చెప్పేది ఒక్కటే: ఆగి ఉన్న బండిని నమ్మకు.

బండి నడుస్తున్నంతసేపూ అందరికీ భయం ఉంటుంది. ఇంజను కట్టేశాకే ధైర్యం వచ్చి తలా చేతులూ లోపల పెడతాం. తొట్టి పైకి లేపి ఇంజను ఆపితే ఆ బరువంతా మోసేది జాకీలో ఉన్న నూనె. ఆ నూనెను పట్టి ఉంచేవి ఒక హోసు, నాలుగు సీళ్లు, ఒక లివరు. లీకు చూద్దామని ఛాసిస్ మధ్యకు దూరి నట్టు వదులు చేశావా, తొట్టి దిగిపోతుంది. క్యాబిన్లో కూర్చున్న కుర్రాడి మోచెయ్యి లివరుకు తగిలినా అంతే. ఖాళీ తొట్టే టన్నుల్లో ఉంటుంది, అరిచే వ్యవధి ఇవ్వదు.

లోడు ముందే దింపించు. తొట్టితో వచ్చిన సపోర్టు రాడ్డు నిలబెట్టు. అది వంగి ఉంటే ఆ పని ముట్టుకోకు. చెక్క దుంగ చాలంటారు కొందరు. నూనె మరకల మీద దుంగ జారుతుంది. బరువు రాడ్డు మీద ఆని, నూనె ఒత్తిడి వదిలాకే హోసు విప్పు. క్యాబిన్‌కు తాళం వేసి చెవి నీ దగ్గరే ఉంచుకో. మరమ్మతు చేసేవాడే స్విచ్చికి తాళం వేసి, చెవి తన దగ్గర పెట్టుకోవాలని అమెరికావాళ్లు 1989లో ఏకంగా నిబంధనే పెట్టారు. మనకైతే చొక్కాకి జేబుంటే చాలు.

నూనె చిమ్మే చోటును వేలితో తడమకు, అట్టముక్కతో వెతుకు. ఆ సన్నటి ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, మొదట పెద్ద నొప్పి కూడా ఉండదు. పసుపు రాసి ఊరుకుంటే వేలో చెయ్యో పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

లేతు దగ్గరికి వదులు చొక్కాతో పోకు. తిరిగే యంత్రం దగ్గర తర్ఫీదు పొందినవాడే, అదీ బిగుతు బట్టల్లో పని చెయ్యాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే రాశారు.

1923 నాటి నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టట, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతమట. అది రాసినవాడు ఎన్నడూ స్పానరు పట్టి ఉండడు.

షెడ్డులో పదిమంది ఉండి, నీ జీతం నెలకు 21,000 రూపాయలు దాటకపోతే ఈఎస్ఐ ఉండాలి. నీ వాటాగా కోసేది 0.75 శాతమే. పనిలో దెబ్బ తగిలి ఇంటిపట్టున ఉంటే జీతంలో 90 శాతం వస్తుంది. వాళ్ల ఆసుపత్రి గుణదలలోనే ఉంది. ఈ నెల జీతంలో ఆ కోత ఉందో లేదో చూసి ఫోన్ చెయ్యి. లేకపోతే మీ ఓనరుతో నేనే మాట్లాడతా. కొత్తగా చేరినవాడివి, నువ్వు కదపకు.

మీ మామయ్య